అందరూ హాజరే

ఆ ఏడు మా నెమలిదొడ్డి హైస్కూల్లో నేను పదో తరగతికి లెక్కలు చెబుతుండగా కిటికీలోంచి చూసినవాళ్ళెవరైనా, మద్దిలేటి సారుకు మతి చలించిందనే అనుకునేవాళ్ళు. గదిలో ఉండేది ముగ్గురు పిల్లలు. మిగతా బెంచీలన్నీ ఖాళీ. నేను మాత్రం ఖాళీ బెంచీలకేసి వేలు చూపిస్తూ, "ఒరే బజారీ, నిద్రపోతాండావా?" అని గద్దించేవాణ్ణి. "లేద్సార్, ఇంటాండా" అని ఖాళీ బెంచీ జవాబు చెప్పేది. దాని పక్క బెంచీ కిసుక్కున నవ్వేది. "ఉరుకుందమ్మా, ఎక్స్ విలువ ఎంత?" అంటే కిటికీ దగ్గరి బెంచీ కాసేపు ఆలోచించి, "మైనస్ మూడు సార్" అనేది. ఆ బెంచీ తప్పు చెప్పడం నేనెరగను.

బెంచీలకు మాటలు నేర్పింది మా ఆవిడ ఇందుమతి. ఆమె చేసిన ఉప్మాను నేనెన్నడూ పొగిడిన పాపాన పోలేదు కాబట్టి ఈ విషయంలో నా పొగడ్తను నమ్మవచ్చు. ఆదోనిలో మాది అద్దె ఇల్లు. ఆమె పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో ఒక ల్యాబ్ ఉంది గానీ, అసలు ల్యాబ్ మా వంటగదే. కుక్కర్ పక్కన సోల్డరింగ్ కడ్డీ ఉండేది. పోపులపెట్టెలో మెంతుల గిన్నె ఖాళీ చేసి అందులో మరలు పోసుకుంది. ఒకరోజు పప్పులో నా పంటికింద ఏదో కరకరలాడితే మెంతులనుకుని నమిలాను. అది చాలా ఖరీదైన మెంతిగింజ అని తర్వాత తెలిసింది.

ఆ వంటగదిలో పుట్టింది సబ్బుపెట్టెంత రౌటరు. మామూలు రౌటరుకు తీగ కావాలి, టవరు కావాలి, నెలనెలా రీచార్జి కావాలి. దీనికి కనుచూపు మేరలో ఇంకో సబ్బుపెట్టె ఉంటే చాలు. మేడ కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుకుంటారు చూడండి, అలా ఒక పెట్టె మాటను పక్కపెట్టెకు అందిస్తుంది, అది ఇంకో పెట్టెకు అందిస్తుంది. మధ్యలో ఒకటి చెడితే మాట పక్కదోవన పోతుంది. మా బడికి ఎవరో దాతలు ల్యాప్‌టాపులు ఇచ్చారు గానీ, వాటిని ఒకదానితో ఒకటి కలిపే దారి చూపలేదు. అందుకోసం చేసిందే ఈ పెట్టె. బెంచీకొకటి బిగించి, చిన్న స్పీకరు కూడా పెట్టింది. పిల్లలు ఒక గదిలో రాసింది ఇంకో గదిలో కనిపిస్తుంటే హెడ్మాస్టరు గారు స్వయంగా టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించడం మా బళ్ళో చిన్న విషయం కాదు.

ఇంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఇందుమతి ఆగే రకం కాదు.

మా వైపు ఊళ్ళకు దీపావళి దాటగానే లారీలు వస్తాయి. వానలు సరిగ్గా పడని నేలలు మావి. పంట ఎత్తేశాక ఉగాదిదాకా చేయడానికి పని ఉండదు. అందుకని ఊరికి ఊరే గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతుంది. గిన్నెలు, బొంతలు, కోళ్ళు, మేకపిల్లలు, ముసలివాళ్ళు, చంటిబిడ్డలు, అన్నీ ఒకే లారీలో. గుమ్మానికి తుమ్మకంప అడ్డం పెట్టి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లల చదువు చెడకూడదని బళ్ళోనే ఆ కొన్ని నెలలకు సీజనల్ హాస్టల్ నడిచేది. తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, చదువుకునేవాళ్ళు. అయినా సగం మందే ఉండేవాళ్ళు. మిగతా సగం లారీ ఎక్కేసేవాళ్ళు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి వాళ్ళకు నేనెవరో గుర్తుండేది, నేను చెప్పిన లెక్కలు మాత్రం గుర్తుండేవి కావు.

ఆ లారీ ఎక్కే సగం మంది మీద ఇందుమతి దృష్టి పడింది. "పిల్లలు ఇక్కడ ఆగకపోతే బడినే వాళ్ళ వెంట పంపిద్దాం" అంది. గుంటూరు నుంచి మిరపకాయల లారీలు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి, బస్సులు తిరుగుతాయి. ఒక్కోదాని నెత్తిన ఒక సబ్బుపెట్టె, దారి పొడుగునా ఊళ్ళలో కరెంటు స్తంభానికొకటి. రోడ్డు మీద బండి వెనక బండి ఉన్నంతసేపూ మాట తెగదు. నల్లమల ఘాట్ దగ్గర మాత్రం నెలల తరబడి తెగేది. అక్కడి బండ్లు ఇంకో బండి కనపడేదాకా మాటను దాచి ఉంచుకునేలా నేర్పాక ఆ ముడీ వీడింది. ఆరోజు ఆమె ఆనందం చూడాలి. కాలేజీలో ఆమె శిష్యులు స్వీట్లు పంచుకున్నారు. నేను మాత్రం, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు మన ఇంట్లో గ్యాసు స్టవ్ బాగుచెయ్యి" అన్నాను.

అంతకు ముందటి ఏడు సుగ్గికి మొదటిసారి ప్రయత్నించాం. సగం మంది హాస్టల్లో, సగం మంది మిరప చేలల్లో, అందరిదీ ఒకే తరగతి. పాఠం వినపడింది, ల్యాప్‌టాపులు కలిశాయి, అంతా బాగుంది. ఒక్కటే చిక్కు. దూరాన ఉన్నవాళ్ళ జవాబు కాస్త ఆలస్యంగా వచ్చేది. "ఏడెనిమిదులు ఎంత?" అంటే గదిలోవాళ్ళు యాభైయారు అనేసి నేను తర్వాతి మాటకు వెళ్ళాక, స్పీకర్లోంచి "యాభైయారూ" అని ఈడ్చుకుంటూ వచ్చేది. గదిలో పిల్లలు ఒకటే నవ్వు. వాళ్ళకు గుంటూరు గొంతులని పేరు పెట్టారు. నాలుగు రోజులకు గుంటూరు గొంతులు పలకడమే మానేశాయి.

ఆ సంగతి చెప్పినప్పుడు ఇందుమతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టుబట్టి కూర్చుని ఒక ప్రోగ్రాం రాసింది. దానికి పంక్తి అని పేరు పెట్టింది. విందులో చివరివాడి విస్తట్లో అన్నం పడేదాకా మొదటివాడు ముద్ద ఎత్తకూడదు కదా, అదే పద్ధతి. దగ్గరివాళ్ళ గొంతును పెట్టె కాసేపు ఆపి ఉంచుతుంది. దూరపువాళ్ళది వచ్చి చేరాక అన్నిటినీ కలిపి ఒక్కసారే వదులుతుంది. ఎవరి గొంతు వాళ్ళ బెంచీలోంచే వస్తుంది. ఎవరు గదిలో ఉన్నారో, ఎవరు మూడు జిల్లాల అవతల ఉన్నారో నాకే తెలిసేది కాదు. హాజరు కూడా ఆ పెట్టే వేసేసేది. పలికినవాడు హాజరు, అంతే. ఉగాదికి తిరిగి వచ్చిన పిల్లలు మొదటిసారి నాతో సమానంగా లెక్కలు మాట్లాడారు. నాకు ఇందుమతి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదనుకోండి, అలుసైపోతాను.

మరుసటి ఏడు దీపావళి దాటింది. లారీలు వచ్చి రచ్చబండ దగ్గర నిలబడ్డాయి. హాస్టల్ ఇంకా తెరవలేదేమని హెడ్మాస్టరు గారు పైఆఫీసుకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్లో అవతలి గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. "హాస్టల్ ఇచ్చేది బడి మానేసే పిల్లల కోసం కదండీ. మీ బళ్ళో పోయినేడు సుగ్గి నెలల్లో కూడా అందరూ హాజరే. మానేసినవాళ్ళే లేనప్పుడు హాస్టల్ ఎవరికి? మీ బడి మిగతా వాళ్ళకు ఆదర్శమండీ." అభినందించి మరీ పెట్టేశాడు.

లారీ దగ్గర ఉరుకుందమ్మ బొంతల మూట మీద కూర్చుని ఉంది. ఆ పిల్లకు తండ్రి లేడు. తల్లి తాయమ్మ, తను, ఇద్దరే. ఆరో తరగతి నుంచి ప్రతి సుగ్గికీ తల్లి లారీ ఎక్కితే, పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. ప్రతిసారీ తాయమ్మను ఒప్పించడానికి నా తలప్రాణం తోకకు వచ్చేది. "ఈసారి పదో తరగతి తాయమ్మా. పిల్లను తీసుకుపోతే ఎట్ల?" అన్నాను.

"యాడికి తీస్కపోతాండా సారూ? బడి సంచిలోనే ఉండాది గదా!" అని నవ్వుతూ కూతురి భుజానికున్న ల్యాప్‌టాపు సంచిని తట్టింది. "ఇన్నేండ్లూ బిడ్డను ఇడ్సిపెట్టి పోతాంటి. రాత్రయితే ఏం తినిందో, యాడ పండుకునిందో అని పానం కొట్టుకునేది. మీ ఇంటి యమ్మ పుణ్యాన ఇప్పుడు బిడ్డా నాకాడే, బడీ నాకాడే."

హాస్టల్ లేదు. ఒక్క పిల్లయితే మా ఇంట్లో పెట్టుకునేవాళ్ళం. కదులుతున్న లారీల నిండా మా తరగతే ఉంది.

మరునాటి నుంచి బడి యథాప్రకారం సాగింది. ముగ్గురు పిల్లలు, ముప్పైకి పైగా మాట్లాడే బెంచీలు. మొదట్లో సరదాగానే ఉండేది. సంక్రాంతి దాటి ఎండలు మొదలవుతుండగా ఒక చిన్న మార్పు గమనించాను. బెంచీలు దగ్గడం మొదలుపెట్టాయి. మొదట బజారి బెంచీ, తర్వాత దాని వెనకది. పంక్తి పుణ్యమా అని దగ్గులన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చేవి. నేను సుద్దముక్కతో బోర్డు మీద త్రిభుజం గీస్తుంటే వెనక ఖాళీ గది మొత్తం ఖళ్ళుఖళ్ళున దగ్గేది. గదిలో ఉన్న పోస్టుమాస్టరు గారమ్మాయి ఒకరోజు, "భయమేస్తాంది సార్" అంది. నాకూ వేసింది.

ఇంటికి వచ్చి ఇందుమతికి చెప్పాను. "మిరపకాయల కోరు కదా, ఆ ఘాటుకు దగ్గు ఎవరికైనా వస్తుంది" అంది. అప్పటికి ఆమె గాల్లో తేలుతోంది. పంక్తిని చూడటానికి పైనుంచి అధికారుల బృందం వస్తోంది. వాళ్ళకు నచ్చితే వలస పోయే ఊళ్ళన్నిటికీ ఇదే పెడతారు. కాలేజీలో ఆమెకు పెద్ద ల్యాబ్, పదిమంది పరిశోధకులు. "వాళ్ళు వచ్చేలోపల ఒకసారి పిల్లలున్న చోటుకు వెళ్ళి పెట్టెలు చూసి వద్దాం" అంది. నేను సెలవు పెట్టాను. నా బదులు తెలుగు సారు క్లాసు చూసుకుంటానన్నారు.

బస్సు ప్రయాణమంతా ఆమె కిటికీకి అతుక్కుని కూర్చుంది. ఎదురొచ్చే ప్రతి లారీ నెత్తిన మెరిసే చిన్న నీలిదీపాన్ని చూపించి, "అదిగో, మనదే" అనేది. ఘాట్ ఎక్కుతుంటే ముందు బండి, వెనక బండి, మా బస్సు, అన్నిటి మీదా నీలిదీపాలు. ఏ దీపంలోంచి మా పిల్లల ఏ మాట పోతోందో అని నేనూ మురిసిపోయాను. అబద్ధమెందుకు, ఆరోజు నా అంత అదృష్టవంతుడు లేడనుకున్నాను.

బస్సు దిగి, ఆటో దిగి, గట్ల వెంబడి నడిస్తే చేను. గట్టు మీద టార్పాలిన్ గుడిసెలు. కల్లంలో ఎర్రటి కాయలు మంటలా పరిచి ఉన్నాయి. అక్కడ అడుగు పెట్టగానే నాకు తుమ్ములు, ఇందుమతికి కళ్ళమ్మట నీళ్ళు. సాళ్ళ మధ్య వంగి కాయ కోస్తున్న వాళ్ళలో మా తరగతిని వెతుక్కున్నాం. ఉరుకుందమ్మ కనపడింది. వీపుకు ల్యాప్‌టాపు సంచి, చెవిలో తీగ, నడుముకు కాయల ఒడి, రెండు చేతులకూ గుడ్డపీలికలు. చేతులు గబగబా కాయలు తుంచుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. దగ్గరకు వెళ్తే వినపడింది, తెలుగు సారు అడిగిన సంధికి జవాబు చెబుతోంది.

నన్ను చూసి ఉలిక్కిపడి నిలబడింది. "సార్, మీరు బళ్ళో లేరా?" అంది.

"పాఠాలు బాగా వినపడతాండాయా?" ఇందుమతి అడిగింది.

"బాగా ఇనపడతాయి మేడమ్. పక్కనే కూసోని చెప్పినట్ల ఉంటాది."

"మరి రాసుకునేది ఎప్పుడు?"

పిల్ల తలొంచుకుంది. "రాయలేదు మేడమ్."

"నిన్ననా?"

"వచ్చినకాడ్నుంచి. చేతులు మండుతాయి. పెన్ను పట్టుకుంటే వేళ్ళు పగిలి నెత్తురొస్తాది. లెక్కలన్నీ నోట్లోనే చేస్తా." నావైపు తిరిగి, "తప్పు పోలేదు గదా సార్?" అంది.

తప్పు పోలేదు. ఒక్కటి కూడా పోలేదు. అందుకే నేను ఇన్నాళ్ళూ అడగలేదు. ఖాళీ బెంచీలోంచి సరైన జవాబు వస్తుంటే మురిసిపోతూ మార్కులు వేసుకున్నాను. నామీద నాకు అసహ్యం వేసింది.

తాయమ్మ సాలు వదిలి పరుగున వచ్చింది. ఇందుమతి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "సల్లగుండమ్మా! నా బిడ్డను నాకాడ ఉంచితివి" అంది. జొన్నరొట్టె, పండుమిరప కారం తెచ్చి పెట్టింది.

"తాయమ్మా, ఉగాదికి ముందే పరీక్షలు. మన ఊరి పక్కన కోసిగి సెంటరుకు వచ్చి రాయాల. పిల్లనెప్పుడు పంపుతావు?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "పరీచ్చ గూడా ఆ పెట్టెలోనే రాపిచ్చరా సారూ?" అంది. "బడి వచ్చినాది, మీరు వచ్చినారు, హాజరు ఏసినారు. పరీచ్చ ఒక్కటే ఏంటికి రాదు? మేం కోత ఇడ్సి ఎట్ల వస్తాం? ఊర్లో ఎవురుండారు, పిల్లకు కూడెవరు పెడతారు?"

మిగతా గుడిసెల్లోనూ ఇదే మాట. ఒక్కరికి కూడా పిల్లల్ని పరీక్షకు పంపాలన్న ఆలోచన లేదు. మోసమేమీ లేదు, నిర్లక్ష్యమూ కాదు. బడి అంటే పెట్టె అని మేము చెప్పాం, వాళ్ళు నమ్మారు. ఇందుమతి రొట్టె తుంచి చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తినలేకపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్క లారీని కూడా చూపించలేదు. ఇంటికి వచ్చి స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాక నేనే ఉండబట్టలేక అనేశాను. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. సగం మంది పోయేచోట ఇప్పుడు తరగతంతా పోయింది."

"అదేదో నేనే లారీ ఎక్కించినట్టు మాట్లాడతారేం?" కంచం తోసేసింది. "హాస్టల్ తీసెయ్యమని నేను చెప్పానా? దూరాన ఉన్న బిడ్డలు చిన్నబుచ్చుకోకుండా అందరినీ ఒక వరసలో కూర్చోబెట్టాను. అది తప్పా? మధ్యలో దూరమనేది లేకుండా చేశాను."

"లేకుండా చేయలేదు ఇందూ. దూరం అట్లనే ఉంది. మనకు వినపడకుండా చేశావు."

కోపమొస్తే గిన్నెలు ఎత్తిపడేసే మనిషి, ఆరోజు గిన్నెల జోలికి కూడా పోలేదు. చివరికి, "పంక్తి తీసేస్తే నా చేతిలో మిగిలేది మామూలు రౌటరు. అలాంటివి ఊరూరా ఉన్నాయి. వాళ్ళు వచ్చేది పంక్తిని చూడటానికే" అంది. నేను తీసెయ్యమని చెప్పలేదు. అది చెప్పే హక్కు నాకు లేదు. వంటగదిలో ఆమె ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో పక్కన గురకపెట్టి పడుకున్నవాణ్ణి నాకే తెలుసు.

అధికారులు వచ్చిన రోజు బడికి మామిడి తోరణాలు కట్టారు. హెడ్మాస్టరు గారు మళ్ళీ టీ తెప్పించారు. నలుగురు వచ్చారు, వాళ్ళలో పెద్దాయన మెత్తటి మనిషి, నవ్వుమొహం. ఖాళీ బెంచీలను చూసి, "వినడమే గానీ చూడటం ఇదే మొదలు. కానివ్వండి సార్" అన్నారు. నేను హాజరు పిలవడానికి నిలబడ్డాను. ఇందుమతి మూల కూర్చుని తన ల్యాప్‌టాపులో ఏదో నొక్కింది. ముందుగా నాకేమీ చెప్పలేదు.

మొదటి పేరు పిలిచాను. గదిలో ఉన్న శెట్టిగారబ్బాయి వెంటనే పలికాడు. రెండో పేరు బజారిది. జవాబు లేదు. ఈలోగా మూడో పేరు పిలిచాను. అప్పుడు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, "హాజరు సార్" అని బజారి గొంతు, దాని వెనకే దగ్గు. ఇక పేర్లకూ గొంతులకూ పొంతన లేదు. నేను ఒకరిని పిలుస్తుంటే ముందు పిలిచినవాళ్ళు పలుకుతున్నారు. గాలి చప్పుడు, ఎవరో కోత పనివాళ్ళ కేకలు, ట్రాక్టరు మోత, దగ్గులు. కలిసి రావడం లేదు. ఒకటి ఆగితే ఇంకొకటి. బోర్డు మీద ఇందుమతి తగిలించిన తెర వెలిగింది. ప్రతి పేరు పక్కన, ఆ గొంతు ఎన్ని పెట్టెల చేతులు మారి వచ్చిందో అంకె. ముగ్గురికి ఒకటి. మిగతా అందరికీ వందలు.

నవ్వుమొహం పెద్దాయన నొచ్చుకుంటూ, "ఏమ్మా, నెట్‌వర్క్ చెడిందా?" అన్నారు.

"లేదు సార్. ఇన్నాళ్ళూ చెడి ఉండె. ఈరోజు బాగుచేశాను" అంది ఇందుమతి. "ఈ తరగతిలో హాజరు ముగ్గురు. మిగతా వాళ్ళంతా మిరప చేలో ఉన్నారు. వాళ్ళు పరీక్ష రాయాలంటే ఊరికి రావాలి. వస్తే ఉండటానికి హాస్టల్ లేదు. నా పెట్టె అందరూ హాజరని చెప్పింది కాబట్టి లేదు."

అంతలో ఉరుకుందమ్మ బెంచీ, నేను ఎప్పుడో పిలిచిన పేరుకు, "హాజరు సార్" అంది.

పెద్దాయన ఆ మధ్యాహ్నమే ఫోన్ మీద ఫోన్ చేసి హాస్టల్ మంజూరు చేయించారు. ఆయన మంచివాడని చెప్పానుగా. పంక్తిని మాత్రం పక్కన పెట్టేశారు. పెద్ద ల్యాబూ లేదు, పదిమంది పరిశోధకులూ లేరు. కాలేజీలో శిష్యులు కొందరు ఇందుమతితో మాట్లాడటం మానేశారు. రెండేళ్ళ కష్టాన్ని అధికారుల ఎదుట తనే కూలదోసిందని వాళ్ళ కోపం. అందులోనూ న్యాయముంది. ఆమె వాళ్ళను ఒక్కమాట అనలేదు.

పిల్లలను తీసుకురావడానికి రెండు బస్సులు మాట్లాడుకుని మేమే వెళ్ళాం. ఒక్కో చేను దగ్గరా ఒక్కో యుద్ధం. తిట్టినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు, చివరికి పంపినవాళ్ళే ఎక్కువ. తాయమ్మ మాత్రం కూతురి మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"నాకాడే ఉంచితివి, మళ్ళా నువ్వే వచ్చి ఈడ్సకపోతాండావా? ఇదేం న్యాయమమ్మా?" అని ఇందుమతిని నిలదీసింది. "పెట్టె ఉండాది, బడి పలుకుతాండాది. పిల్ల ఏంటికి పోవల్ల? నేనొక్కదాన్నే ఈ గుడిసెలో ఉండల్లనా?"

ఉరుకుందమ్మ బస్సువైపు ఒకసారి, తల్లివైపు ఒకసారి చూసి నేలచూపులు చూసింది. ఆ పిల్లకు రెండూ కావాలి. పదహారేళ్ళ పిల్ల రెండూ కోరుకుంటే తప్పేముంది?

ఇందుమతి వాదించలేదు. పిల్ల చెవిలోంచి తీగ తీసి తాయమ్మ చెవిలో పెట్టింది. "నువ్వెప్పుడైనా విన్నావా? ఒకసారి విను" అంది.

తాయమ్మ ఎన్నడూ వినలేదట. తడిచేయి తగిలితే చెడిపోతుందని పెట్టెను ముట్టుకోను కూడా భయపడేదట. ఇప్పుడు కళ్ళు చిట్లించి, తల వంచి వింది. అవతల తెలుగు సారు పాఠం సాగుతోంది. ఇంకా చేరుకోని చేలల్లోని పిల్లలంతా క్లాసులోనే ఉన్నారు. ఆమె మొహంలో మొదట ఆశ్చర్యం, చిన్న నవ్వు. మెల్లగా నవ్వు పోయింది. తీగను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఇదేందమ్మా, అందరూ దగ్గుతాండారే? బళ్ళో గూడా కాయలు ఆరబోసినారా?"

ఇందుమతి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ దగ్గేది బడి కాదు, పక్క చేలల్లోని పిల్లలు. ఆ మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. తాయమ్మ కాసేపు అలాగే విని, తీగ తీసి కూతురి చేతిలో పెట్టింది. ఆ చేతికి చుట్టిన పీలికలు విప్పి చూసింది. రోజూ చూసే చేయే, ఆరోజు కొత్తగా చూసినట్టు చూసింది. తర్వాత పిల్ల నడుముకున్న కాయల ఒడి విప్పి తన నడుముకు కట్టుకుంది.

"పో పాపా. ఎక్కు" అంది.

ఉరుకుందమ్మ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇందుమతికి మనసు ఆగలేదు. తన సంచిలోంచి కొత్త పెట్టె ఒకటి తీసి తాయమ్మకు ఇవ్వబోయింది. "ఇది నీ దగ్గర ఉంచుకో. పాప క్లాసులో పలికినప్పుడల్లా నీకు వినపడుతుంది. పక్కనే ఉన్నట్టుంటుంది" అంది.

తాయమ్మ చేయి చాచింది. పెట్టె వేళ్ళకు తగలబోతుండగా వెనక్కి తీసుకుంది.

"వద్దులేమ్మా. అది ఇంటాంటే బిడ్డ నా పక్కనే ఉండాదనుకుంటా. ఇంక బిడ్డకాడికి పోవల్లని పానం కొట్టుకోదు" అంది. "దూరముండే బిడ్డ దూరముండేట్లే తెలియల్ల. అప్పుడే నేను తొందరగా కోసుకోని ఇంటికి పడతా."

అని, ఇద్దరి సాళ్ళూ ఒక్కతే కోయడానికి చేలోకి దిగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఇందుమతి ఆ పెట్టెను చేతిలో పట్టుకునే బస్సెక్కింది. ఆదోని చేరేదాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.